మెదడు ఇన్‌ఫ్లమేషన్ – రోగనిరోధక కణాల చిత్రణ

మెదడులోకి సూక్ష్మజీవులు చొరబడినా, దెబ్బ తగిలినా, పనికిరాని ప్రొటీన్లు పేరుకుపోయినా అక్కడి రోగనిరోధక కణాలు మేల్కొని రక్షణకు దిగుతాయి. ఈ చర్యనే మెదడు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. అది త్వరగా ముగిస్తే కణజాలానికి మేలు. అదుపు తప్పినా, ఏళ్ల తరబడి చల్లారకపోయినా ఏ నాడీకణాలను కాపాడాలో వాటినే బలి తీసుకుంటుంది. ప్రజలు మెదడువాపు వ్యాధి అనే ఎన్‌సెఫలైటిస్, మెదడు పొరలకు సోకే మెనింజైటిస్, మల్టిపుల్ స్క్లెరోసిస్, పక్షవాతం తర్వాత జరిగే నష్టం, వృద్ధాప్యంలో వచ్చే ఆల్జీమర్స్ – ఇన్ని వేర్వేరు జబ్బుల వెనుక ఈ చర్య ఉంది.

చర్మం మీద గాయమైతే ఎరుపు, వేడి, వాపు, నొప్పి వెంటనే తెలుస్తాయి. మెదడు పుర్రె లోపల ఉంటుంది. పైగా దాని కణజాలంలో నొప్పి తెలిపే నాడులు లేవు. లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే చూడటానికి ఒక సాధనం కావాలి. అందుకే ఈ శాస్త్రం చిత్రణ పద్ధతుల మీద ఆధారపడి ఎదిగింది. కొత్త పద్ధతి వచ్చిన ప్రతిసారీ పాత నమ్మకం ఒకటి కూలింది.

మైక్రోగ్లియా గుర్తింపు

మెదడులో నాడీకణాలతో పాటు గ్లియా అనే తోడు కణాలు ఉంటాయి. 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో వీటిని నాడీకణాలను అంటిపెట్టే జిగురు పదార్థంగా భావించాడు. ఆ శతాబ్దం చివర ఫ్రాంజ్ నిస్ల్ జబ్బుపడిన మెదడుల్లో కడ్డీ ఆకారపు కణాలను గమనించాడు. 1913లో స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కహాల్ నాడీకణాలు, నక్షత్రాకారపు గ్లియా కణాలైన ఆస్ట్రోసైట్లు కాక మెదడులో ‘మూడో మూలకం’ ఒకటి ఉందన్నాడు. అది ఏమిటో చూపించగల రంజనం మాత్రం ఆయన దగ్గర లేదు.

మాడ్రిడ్‌లో పనిచేస్తున్న పియో డెల్ రియో ఒర్టేగా ఆ లోటు తీర్చాడు. వెండి కార్బొనేట్‌తో మెదడు ముక్కలకు రంగు పట్టించే పద్ధతిని రూపొందించి, ఆ మూడో మూలకంలో రెండు రకాల కణాలు కలిసి ఉన్నాయని తేల్చాడు. వాటిలో ఒకదానికి 1919లో మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. సన్నని కొమ్మలతో విస్తరించి ఉండే ఈ కణాలు గాయమైన చోట కొమ్మలు ముడుచుకుని గుండ్రంగా మారతాయని, చెత్తను మింగుతాయని వర్ణించాడు. ఇవి మెదడులో పుట్టినవి కావని, పిండదశలో బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవని కూడా ఆయనే సూచించాడు.

ఈ సూచన రుజువు కావడానికి తొంభై ఏళ్లు పట్టింది. 2010లో ఫ్లోరాన్ జిన్హూ, మిరియం మెరాడ్ తదితరులు ఎలుకల్లో మైక్రోగ్లియా మూలకణాలు పిండపు సొనసంచిలో పుట్టి, అతి తొలి దశలోనే మెదడుకు చేరతాయని ‘సైన్స్’ పత్రికలో చూపించారు. రక్తంలోని తెల్లకణాలు ఎముక మజ్జ నుంచి నిత్యం కొత్తగా వస్తుంటాయి. మైక్రోగ్లియా అలా కాదు. జీవితాంతం మెదడులోనే విభజన చెందుతూ తమ సంఖ్యను నిలుపుకుంటుంది. మెదడు కణాల్లో వీటి వాటా దాదాపు పదో వంతు.

బతికున్న మెదడులో చూపు

ఒర్టేగా చూసినవి చనిపోయిన కణజాలపు ముక్కలు. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న మెదడులో మైక్రోగ్లియా కదలకుండా ‘విశ్రాంతి’ తీసుకుంటుందని, జబ్బు చేస్తేనే లేస్తుందని పాఠ్యపుస్తకాలు దశాబ్దాల పాటు రాశాయి.

ఆ అభిప్రాయాన్ని మార్చడానికి రెండు సాధనాలు కలిసివచ్చాయి. 1990లో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో టూ-ఫోటాన్ సూక్ష్మదర్శినిని రూపొందించారు. పరారుణ లేజరు కాంతి కణజాలంలో లోతుకు చొచ్చుకుపోతుంది. రెండు ఫోటాన్లు ఒకేసారి తాకిన బిందువు మాత్రమే వెలుగుతుంది. దాంతో బతికున్న జంతువు మెదడులో వందల మైక్రాన్ల లోతున ఉన్న కణం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. రెండో సాధనం 2000లో స్టెఫెన్ యుంగ్ తదితరులు తయారుచేసిన ఎలుక జాతి. అందులో సీఎక్స్3సీఆర్1 అనే జన్యువు స్థానంలో జెల్లీఫిష్ నుంచి తీసుకున్న ఆకుపచ్చ ప్రొటీన్ జన్యువును పెట్టారు. ఆ ఎలుకల మెదడులో మైక్రోగ్లియా తనంతట తానే పచ్చగా మెరుస్తుంది.

2005లో రెండు బృందాలు విడివిడిగా ఈ రెండింటినీ జతచేశాయి. ఎలుక పుర్రెను ఒకచోట పల్చగా అరగదీసి, ఆ పల్చటి ఎముక గుండా చూశాయి. జర్మనీలో ఆక్సెల్ నిమ్మర్‌యాన్, ఫ్రాంక్ కిర్షాఫ్, ఫ్రిట్జ్ హెల్మ్‌షెన్ ‘సైన్స్’లోనూ, న్యూయార్క్‌లో దిమిత్రియోస్ దవలోస్, వెన్-బియావో గాన్ తదితరులు ‘నేచర్ న్యూరోసైన్స్’లోనూ ఫలితాలు ప్రచురించారు. కణం నడిబొడ్డు స్థిరంగా ఉంది. కొమ్మలు మాత్రం క్షణం ఆగకుండా సాగుతూ, ముడుచుకుంటూ చుట్టుపక్కల ప్రతి అంగుళాన్నీ తడుముతున్నాయి. కొద్ది గంటలకొకసారి మెదడు కణజాలం మొత్తాన్ని ఇవి తనిఖీ చేస్తాయని నిమ్మర్‌యాన్ బృందం లెక్కగట్టింది. లేజరుతో ఒక సూక్ష్మ బిందువును కాల్చగానే, దెబ్బతిన్న కణాల నుంచి కారిన ఏటీపీ అనే రసాయనాన్ని పసిగట్టి చుట్టూ ఉన్న కొమ్మలన్నీ నిమిషాల్లో అటు మళ్లి గాయాన్ని కప్పేశాయని దవలోస్ బృందం చూపింది. ‘విశ్రాంతి కణం’ అన్న భావన ఆ ఏడాదితో చెల్లిపోయింది.

మెదడుకు మిగతా శరీరపు రోగనిరోధక వ్యవస్థతో పొత్తు లేదన్న నమ్మకానికీ ఇదే గతి పట్టింది. 1948లో పీటర్ మెడవార్ కుందేలు మెదడులో పరాయి చర్మపు ముక్కను నాటితే, దాన్ని శరీరం వెంటనే తిరస్కరించలేదు. మెదడు రోగనిరోధక చర్యకు దూరంగా ఉన్న ప్రత్యేక స్థలమన్న అభిప్రాయం అక్కడి నుంచి బలపడింది. 2015లో జొనాథన్ కిప్నిస్ బృందం, కారి అలిటాలో బృందం ఎలుకల మెదడు పైపొరల్లో శోషరస నాళాలు ఉన్నాయని వెల్లడించాయి. మెదడు నుంచి ద్రవాలు, కణాలు ఈ నాళాల గుండా మెడలోని శోషరస గ్రంథులకు చేరతాయి. 2017లో ఎం.ఆర్.ఐ. ద్వారా మనుషుల్లోనూ ఈ నాళాలను చూశారు.

రక్తనాళం చిట్లిన చోట

మెదడు రక్తనాళాల గోడలు రక్తంలోని పెద్ద అణువులను లోపలికి రానివ్వవు. ఈ అడ్డుగోడ దెబ్బతిన్నప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్న మీద శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో కాటెరీనా అకాసోగ్లు దీర్ఘకాలం పనిచేశారు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఆమె పరిశోధనకు కేంద్రం. రక్తంలో ఉన్నంతసేపు దానివల్ల హాని లేదు. మెదడులోకి కారితే మైక్రోగ్లియా పైనున్న సీడీ11బి గ్రాహకానికి అతుక్కుని ఇన్‌ఫ్లమేషన్‌ను రేపుతుంది.

2012లో దవలోస్, అకాసోగ్లు తదితరులు మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పోలిన జబ్బు ఉన్న ఎలుకల వెన్నుపామును టూ-ఫోటాన్ పద్ధతిలో చూశారు. నాడీతంతువుల పైతొడుగు దెబ్బతినక ముందే, లక్షణాలు కనిపించక ముందే, ఫైబ్రినోజెన్ కారిన నాళాల చుట్టూ మైక్రోగ్లియా గుంపు కట్టింది. నష్టం జరిగాక శుభ్రం చేయడానికి కణాలు వచ్చాయా, లేక అవి వచ్చినందువల్లే నష్టం జరిగిందా అన్నది ఈ రంగంలో అన్నిటికంటే పాత వివాదం. ఆ చిత్రాలు అక్కడ గుంపు కట్టడమే ముందని తేల్చాయి. గడ్డకట్టే ప్రక్రియకు అడ్డుపడకుండా, ఫైబ్రినోజెన్ నుంచి ఏర్పడే ఫైబ్రిన్ రేపే ఇన్‌ఫ్లమేషన్‌ను మాత్రమే ఆపే యాంటీబాడీని అకాసోగ్లు బృందం 2018లో ఎలుకల్లో పరీక్షించి చూపింది.

మనుషుల్లో చిత్రణ

మనిషి పుర్రెను అరగదీయలేం, మైక్రోగ్లియాకు పచ్చరంగు పూయలేం. ఆస్పత్రుల్లో వాడుకలో ఉన్న ఎం.ఆర్.ఐ. మెదడు ఏ భాగంలో నీరు చేరిందో, రక్తంలోకి ఎక్కించిన గాడోలినియం మందు ఏ నాళం నుంచి బయటికి కారుతోందో చూపుతుంది. జపనీస్ మెదడువాపులో థాలమస్ రెండు వైపులా మారిపోవడం, క్షయ మెనింజైటిస్‌లో మెదడు అడుగుభాగపు పొరలు వెలిగిపోవడం ఇందులో తెలుస్తాయి. అవి ఇన్‌ఫ్లమేషన్ వదిలిన ఆనవాళ్లు మాత్రమే. రోగనిరోధక కణాలు అందులో కనిపించవు.

కణాల దాకా వెళ్లడానికి పెట్ స్కాన్‌ను ఎంచుకున్నారు. మైక్రోగ్లియా చురుకెక్కినప్పుడు దాని మైటోకాండ్రియాపై టీఎస్‌పీఓ అనే ప్రొటీన్ పెరుగుతుందని జంతువుల్లో గమనించారు. దానికి అతుక్కునే పీకే11195 అనే అణువుకు రేడియోధార్మిక కార్బన్-11 తగిలించి రక్తంలోకి ఎక్కిస్తే, అది ఎక్కడ చేరిందో స్కానర్ పట్టుకుంటుంది. 2001లో లండన్ పరిశోధకులు ఈ పద్ధతితో ఆల్జీమర్స్ రోగుల మెదడులో, బతికి ఉండగానే, ఇన్‌ఫ్లమేషన్ సూచనలను చూపించారు.

అయితే ఈ పద్ధతికి మూడు చిక్కులున్నాయి. కార్బన్-11 అర్ధాయువు 20 నిమిషాలే గనుక దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఆస్పత్రి పక్కనే ఉండాలి. తర్వాత వచ్చిన మెరుగైన అణువులు కొందరిలో గట్టిగా, కొందరిలో బలహీనంగా అతుక్కుంటాయి. టీఎస్‌పీఓ జన్యువులో ఒక్క అక్షరం తేడా దీనికి కారణం కనుక స్కాన్‌కు ముందు జన్యుపరీక్ష తప్పదు. ఇక మూడోదే పెద్దది. టీఎస్‌పీఓ మైక్రోగ్లియాలోనే కాదు, ఆస్ట్రోసైట్లలో, రక్తనాళాల గోడల్లో కూడా ఉంటుంది. ఎలుక మైక్రోగ్లియాలో చురుకుతో పాటు ఈ ప్రొటీన్ పెరుగుతుంది గానీ మనిషి మైక్రోగ్లియాలో అలా పెరగదని 2023లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన పరిశోధన చూపింది. అంటే స్కాన్‌లో వెలిగిన చోట ఎక్కువ కణాలున్నాయని అనుకోవచ్చు, అవి ఉగ్రంగా ఉన్నాయని మాత్రం అనలేం. ఎలుకలో చూసింది మనిషికి యథాతథంగా అన్వయించకూడదన్న హెచ్చరిక ఇది.

కోలారు నుంచి తెలంగాణ దాకా

తెలుగువారికి మెదడు ఇన్‌ఫ్లమేషన్ ప్రయోగశాల విషయంగా పరిచయం కాలేదు. ఊళ్లలో పిల్లల ప్రాణాలు తీసిన జ్వరంగా పరిచయమైంది. కర్ణాటకలోని కోలారు ప్రాంతపు ఊళ్లలో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. 1970ల చివర కోలారు జిల్లాలో జపనీస్ మెదడువాపు ప్రబలింది. వరిమళ్ల నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. కొంగలు, పందులు వైరస్‌కు ఆశ్రయమిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సోకిన ప్రతి 250 మందిలో సుమారు ఒకరికే తీవ్రమైన జబ్బు వస్తుంది. వచ్చినవారిలో మరణాలు 30 శాతం దాకా ఉంటాయి. బతికినవారిలో 20 నుంచి 30 శాతం మందికి బుద్ధి, నడవడిక, కదలికల లోపాలు శాశ్వతంగా మిగులుతాయి.

1980ల తొలినాళ్లలో కోలారు రోగి నుంచి వేరుచేసిన వైరస్ రకాన్ని పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ భద్రపరిచింది. దాని నుంచే హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ జెన్‌వ్యాక్ టీకాను తయారుచేసి 2013లో విడుదల చేసింది.

ఈ వ్యాధిలో నాడీకణాలను చంపేది వైరస్ ఒక్కటే కాదు. హరియాణా మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం 2007లో, వైరస్ తాకిడికి చురుకెక్కిన మైక్రోగ్లియా వదిలే రసాయనాలే నాడీకణాల చావుకు దారితీస్తాయని చూపింది. వైరస్‌ను అడ్డుకోవడంతో పాటు శరీరపు సొంత స్పందనను కూడా అదుపు చేయాలన్న ఆలోచనకు ఇది ఆధారం.

2003 వేసవి చివర అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో మరో విపత్తు వచ్చింది. ఆడుకుంటున్న పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్, స్పృహ కోల్పోవడం, ఒకటి రెండు రోజుల్లో మరణం. 329 మంది పిల్లలు జబ్బుపడగా 183 మంది చనిపోయారు. 1965లో మహారాష్ట్రలోని చాందీపురా గ్రామంలో కనుగొన్న చాందీపురా వైరస్ దీనికి కారణమని పుణే శాస్త్రవేత్తలు 2004లో ‘లాన్సెట్’లో ప్రకటించారు. పిల్లలకు చికిత్స చేసిన నాగభూషణరావు తదితర తెలుగు వైద్యులు మాత్రం వేరే వాదన తెచ్చారు. పిల్లల్లో కనిపించిన లక్షణాలు, స్కాన్లు మెదడు రక్తనాళాల దెబ్బను, అంటే ఒక రకమైన పక్షవాతాన్ని సూచిస్తున్నాయని, ఇది మామూలు అర్థంలో మెదడువాపు కాదని వారన్నారు. జబ్బు వేగం వల్ల ఆ పిల్లల మెదడులో ఏం జరుగుతోందో వివరంగా చూసే వ్యవధి దొరకలేదు. మెదడు ఇన్‌ఫ్లమేషన్‌ను త్వరగా, నమ్మకంగా చూపగల పరీక్ష మన ప్రాంతానికి ఎంత అవసరమో ఆ వేసవి కంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు.

బెంగళూరు సంస్థలు

బెంగళూరులో ఈ రంగానికి పాత కేంద్రం నిమ్‌హాన్స్. 1974లో మైసూరు రాష్ట్ర మానసిక వైద్యశాల, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థల కలయికతో ఇది ఏర్పడింది. నాడీవ్యాధి శాస్త్రవేత్త ఎస్.కె. శంకర్ 1995లో ఇక్కడ మనిషి మెదడు కణజాల భాండాగారాన్ని నెలకొల్పారు. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. మరణించినవారి కుటుంబాల సమ్మతితో సేకరించిన మెదడు కణజాలాన్ని ఇక్కడ పరిశోధకులకు అందుబాటులో ఉంచుతారు. అదే 1995లో అనితా దేశాయ్, శంకర్, వి. రవి తదితరులు జపనీస్ మెదడువాపుతో మరణించినవారి మెదడులో వైరస్ ఏయే భాగాల్లో చేరిందో గుర్తించి ప్రచురించారు. మనిషి మైక్రోగ్లియా ఎలుక మైక్రోగ్లియా కాదని తేలిన నేడు, ఇలాంటి భాండాగారాల విలువ ఇంకా పెరిగింది.

భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక సారథి విజయలక్ష్మి రవీంద్రనాథ్. ఆమె విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారు. మానేసర్ కేంద్రానికి కూడా తొలి సంచాలకులు ఆమే. ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబ ట్రస్టు ఈ బెంగళూరు కేంద్రానికి నిధులిచ్చింది. మామిడికి పేరుపడ్డ కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటిన 10,000 మందిని ఏళ్ల తరబడి అనుసరించాలని ఈ కేంద్రం అధ్యయనం మొదలుపెట్టింది. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలు, జన్యు విశ్లేషణ, మెదడు ఎం.ఆర్.ఐ. ఇందులో భాగం. శ్రీనివాసపురం తెలుగు విరివిగా వినిపించే తాలూకా. వృద్ధాప్య మెదడు గురించిన ప్రపంచ విజ్ఞానంలో ఎక్కువ భాగం ఐరోపా, అమెరికా నగరవాసుల నుంచి వచ్చింది. మన పల్లెల రైతులు, కూలీల మెదడు గురించి తొలిసారి ఇంత నిలకడైన సమాచారం ఇక్కడ పోగవుతోంది.

ఆల్జీమర్స్, ఇన్‌ఫ్లమసోమ్

ఆల్జీమర్స్‌లో మైక్రోగ్లియా పాత్రకు గట్టి సాక్ష్యం 2013లో జన్యువుల నుంచి వచ్చింది. ట్రెమ్2 అనే జన్యువు మైక్రోగ్లియాలో పనిచేస్తుంది. అందులో ఒక అరుదైన మార్పు ఉన్న ఐస్‌లాండ్ వాసులకు ఆల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లని తేలింది. మైక్రోగ్లియా, ఆల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీన్ గడ్డలను చుట్టుముట్టి కట్టడి చేయలేకపోతే జబ్బు ముదురుతుందని దీని అర్థం. అంటే ఆ కణాల చురుకుదనం ఒక దశలో రక్షణ.

మరో దశలో అదే చురుకు హాని చేస్తుంది. కణంలో ప్రమాదాన్ని పసిగట్టి కాస్పేజ్-1 అనే ఎంజైమును మేల్కొలిపే ప్రొటీన్ల కూటమిని ఇన్‌ఫ్లమసోమ్ అంటారు. వాటిలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే రకం సూక్ష్మజీవుల ఆర్‌ఎన్‌ఏకు ఎలా స్పందిస్తుందో 2006లో ‘నేచర్’లో వెల్లడించినవారిలో తిరుమలాదేవి కన్నెగంటి ముఖ్యులు. కొత్తగూడెంలో చదువుకుని, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన ఆమె, అమెరికాలోని మెంఫిస్‌లో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆస్పత్రిలో ఇన్‌ఫ్లమేషన్, కణ మరణాల పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నారు. 2013లో జర్మనీలోని మైఖేల్ హెనెకా బృందం ఈ ఎన్‌ఎల్‌ఆర్‌పీ3ని తొలగించిన ఎలుకల్లో ఆల్జీమర్స్ తరహా జ్ఞాపకశక్తి నష్టం తగ్గిందని చూపింది. దాన్ని అణచే మందుల అన్వేషణకు ఇది దారి తీసింది.

చికిత్సలు

ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తే చాలన్న సూత్రం అన్ని జబ్బులకూ ఒకేలా పనిచేయలేదు. క్షయ మెనింజైటిస్‌లో డెక్సామెథసోన్ స్టెరాయిడ్ మరణాలను తగ్గిస్తుందని వియత్నాంలో 545 మందిపై జరిగి 2004లో వెలువడిన పరీక్ష నిరూపించింది. మరణాలు 41 శాతం నుంచి 32 శాతానికి తగ్గాయి. అదే మందు జపనీస్ మెదడువాపులో మేలు చేయలేదని థాయిలాండ్ పరీక్ష 1992లోనే తేల్చింది. మైక్రోగ్లియాను శాంతపరిచే మినోసైక్లిన్ ఎలుకలను కాపాడింది. మనదేశంలో లక్నో వైద్యులు మెదడువాపు రోగులపై జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో మాత్రం మొత్తం మీద స్పష్టమైన ప్రయోజనం తేలలేదు.

ఈ వైఫల్యాల్లో మందు ఇచ్చిన సమయానికి పెద్ద పాత్ర ఉండవచ్చు. మైక్రోగ్లియా కాపాడుతున్న దశలో దాన్ని అణచివేస్తే కీడు, హాని మొదలయ్యాక అణచడంలో ఆలస్యమైతే వ్యర్థం. రోగి ఏ దశలో ఉన్నాడో తెలియాలంటే మళ్లీ చిత్రణే కావాలి. అందుకే టీఎస్‌పీఓకు బదులుగా మైక్రోగ్లియాకే పరిమితమైన గుర్తుల కోసం, ముఖ్యంగా సీఎస్ఎఫ్1ఆర్, పీ2వై12 గ్రాహకాలకు అతుక్కునే అణువుల కోసం పలు దేశాల ప్రయోగశాలలు కృషి చేస్తున్నాయి.

ప్రస్తుత స్థితి

ఒక రోగి మెదడులో మైక్రోగ్లియా మేలు చేస్తోందో కీడు చేస్తోందో తేల్చి చెప్పే పరీక్ష ఆస్పత్రుల వాడుకలోకి ఇంకా రాలేదు. వైద్యులు ఎం.ఆర్.ఐ.ని, వెన్నులో నీరు తీసే పరీక్షను, రోగి లక్షణాలను కలిపి చూసి నిర్ణయిస్తున్నారు. ఎలుకల్లో కణం కొమ్మ కదలికను కూడా చూడగలిగిన శాస్త్రం మనిషిలో ఆ స్పష్టతకు చేరాలంటే కొత్త అణువులతో పాటు దానం చేసిన మెదడు కణజాలమూ, మన జనాభా నుంచి సేకరించిన సమాచారమూ కావాలి. వీటిలో చివరి రెండింటికీ బెంగళూరులో పునాది పడింది.

జపనీస్ మెదడువాపు విషయంలో అంతదాకా ఆగనక్కర్లేదు. దానికి టీకా ఉంది. వ్యాధి ప్రబలే జిల్లాల్లో ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది: 9 నెలలు నిండాక ఒక మోతాదు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ఆ జిల్లాల్లోని తల్లిదండ్రులు ఆ రెండు మోతాదులనూ తప్పక వేయించాలి.